సండర్లాండ్ లీగ్ వన్ రోజులు: ఏ మేనేజర్, ఏ కొనుగోలు మనకు ఎక్కువ నష్టం చేశాయి?

ఎర్రతెల్ల_చారలు

2025 మేలో వెంబ్లీలో షెఫీల్డ్ యునైటెడ్‌ను 2–1తో ఓడించి మన సండర్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఇంగ్లండ్‌లో మొదటి అంచె అయిన ప్రీమియర్ లీగ్‌కు తిరిగి వెళ్లిన దగ్గర నుంచి, మూడో అంచె అయిన లీగ్ వన్‌లో గడిపిన నాలుగు సీజన్ల ఊసెత్తడం మనలో చాలామంది మానేశారు. నా దృష్టిలో ఆ లెక్క ఇంకా తేలలేదు. 2017లో ప్రీమియర్ లీగ్‌లో 24 పాయింట్లతో ఆఖరి స్థానంలో నిలిచి దిగిపోయాం, మరుసటి ఏడాది రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్‌లోనూ ఆఖరి స్థానంలోనే నిలిచి మూడో అంచెకు పడిపోయాం, అక్కడి నుంచి బయటపడేసరికి 2022 వచ్చింది. డేవిడ్ మోయెస్, సైమన్ గ్రేసన్, క్రిస్ కోల్‌మన్, జాక్ రాస్, ఫిల్ పార్కిన్సన్, లీ జాన్సన్ ఒకరి తరువాత ఒకరు పగ్గాలు పట్టి వదిలేశారు. వీరిలో ఎవరి పేరు వచ్చినా వెంటనే ఒక ఆటగాడి పేరు జోడించి, ఇంత డబ్బు పోసి ఇతణ్ణి కొన్నాడని తిట్టడం మనకు అలవాటైపోయింది. జాక్ రాస్ అంటే విల్ గ్రిగ్, గ్రేసన్ అంటే జేమ్స్ వాన్, మోయెస్ అంటే పాపీ జిలొబొజీ.

ఈ అలవాటు న్యాయమైనది కాదని నా అభిప్రాయం. మేనేజర్‌ను తూచవలసింది అతనికి దొరికిన ఆటగాళ్లతో ఏం చేశాడన్న దాన్ని బట్టే. ఆ కొలతతో చూసినప్పుడు జాక్ రాస్ మీద నాకున్న అసలు ఫిర్యాదు గ్రిగ్ గురించి కాదు, డ్రాల గురించి. 2018–19లో 46 మ్యాచ్‌లలో అయిదంటే అయిదే ఓడిపోయాం, కానీ 19 డ్రా చేసుకున్నాం. 85 పాయింట్లతో అయిదో స్థానంలో నిలిచాం, 91 పాయింట్లతో రెండో స్థానంలో ఉన్న బార్న్స్‌లీ నేరుగా పైకి వెళ్లింది. ఆ 19లో నాలుగు డ్రాలను గెలుపులుగా మార్చుకోగలిగి ఉంటే ప్లేఆఫ్ (నేరుగా పైకి వెళ్లలేకపోయిన జట్లు మిగిలిన ఒక్క స్థానం కోసం ఆడే పోటీ) అన్న మాటే వచ్చేది కాదు, మరో మూడేళ్లు ఆ అంచెలో ఉండవలసిన అవసరమూ ఉండేది కాదు. ఆ జట్టు ఒక గోల్ వేసిన తరువాత రెండో గోల్ కోసం వెళ్లకుండా వెనక్కి జరిగేది, ఆట సాగేకొద్దీ ఇంకా వెనక్కి జరిగేది. ఇది కొనుగోళ్ల వల్ల వచ్చిన లోపం కాదు, శిక్షణలో నేర్పిన పద్ధతి. మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

రోకర్_తీరం

డ్రాల విషయంలో మీతో ఏకీభవిస్తాను గానీ, కథను 2018 నుంచి మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. మనల్ని మూడో అంచెకు దించిన సీజన్ గ్రేసన్ చేతిలో మొదలైంది. 2017 జూన్‌లో ప్రెస్టన్ నుంచి వచ్చాడు, అక్టోబరు 31న సొంత మైదానంలో బోల్టన్‌తో 3–3 డ్రా అయిన రాత్రే పంపించేశారు. అప్పటికి 15 లీగ్ మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటి. డబ్బు లేదన్నది నిజమే, యజమాని ఎలిస్ షార్ట్ క్లబ్‌ను ఎలాగైనా వదిలించుకోవాలని చూస్తున్నాడన్నదీ నిజమే. కానీ ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఎవరిని తెచ్చాడో చూడండి. బరీ తరఫున లీగ్ వన్‌లో గోల్స్ వేసిన జేమ్స్ వాన్‌ను ఒక మెట్టు పైన కూడా అలాగే వేస్తాడనుకుని కొన్నాడు, జనవరికల్లా అతను విగన్‌కు వెళ్లిపోయాడు. నిజంగా గోల్స్ వేసిన లూయిస్ గ్రాబన్ మన ఆటగాడే కాదు, బోర్న్‌మత్ నుంచి లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, వచ్చినవాడు. 12 గోల్స్ వేశాక జనవరిలో వాళ్లు వెనక్కి పిలిపించుకున్నారు. సీజన్ మధ్యలో తమ ప్రధాన ఫార్వర్డ్‌ను పోగొట్టుకునే ఏర్పాటును ఆగస్టులోనే ఒప్పుకున్న జట్టు దిగువకు పోవడంలో ఆశ్చర్యం లేదు.

గ్రేసన్ కొనుగోళ్లలో నిలబడినవాడు ఏడెన్ మెగీడీ ఒక్కడే. ఆ మాత్రం మెప్పు అతనికి ఇవ్వాలి.

విశాఖ_గోల్‌కీపర్

నేను విశాఖపట్నంలో ఉంటూ అర్ధరాత్రి దాటాక ఈ మ్యాచ్‌లు చూసేవాణ్ణి. కళాశాల జట్టులో గోల్‌కీపర్‌గా ఆడినవాణ్ణి కాబట్టి నా కళ్లు సహజంగానే గోల్‌పోస్టుల మధ్య ఉన్న మనిషి మీదే నిలుస్తాయి. 2017 వేసవిలో జోర్డన్ పిక్‌ఫర్డ్‌ను ఎవర్టన్‌కు అమ్మారు, ముందుగా ముట్టిన సొమ్మే 2.5 కోట్ల పౌండ్లని పత్రికలన్నీ రాశాయి. అప్పుల్లో ఉన్న క్లబ్ కాబట్టి ఆ అమ్మకాన్ని తప్పుపట్టను. కానీ అదే వేసవిలో వీటో మనోనేను కూడా రెడింగ్‌కు పోనిచ్చారు. అంటే ప్రీమియర్ లీగ్ స్థాయి గోల్‌కీపర్లు ఇద్దరూ ఒకేసారి వెళ్లిపోగా, వారి స్థానంలో బ్లాక్‌బర్న్ నుంచి జేసన్ స్టీల్, ఫ్రీ బదిలీ మీద రాబిన్ రైటర్ వచ్చారు. వాళ్లిద్దరి మీదా నమ్మకం పోయాక జనవరిలో కోల్‌మన్ లీ క్యాంప్‌ను తెచ్చాడు. ఒక సీజన్‌లో ముగ్గురు గోల్‌కీపర్లు మారి మారి ఆడితే ముందున్న డిఫెండర్లకు ఎవరి అరుపును వినాలో, కార్నర్ వచ్చినప్పుడు ఎవరు ముందుకు వస్తారో, ఎవరు గీత మీదే ఆగిపోతారో తెలియదు. ఆ సీజన్ మొత్తంలో మనం ఇచ్చుకున్న గోల్స్ 80.

బర్టన్‌తో ఆ ఏప్రిల్ మధ్యాహ్నం ఆడిన మ్యాచ్‌ను ఒక్కసారి గుర్తుచేసుకోండి. మెక్‌నెయిర్ గోల్‌తో ముందంజలో ఉన్నాం. చివరి నిమిషాల్లో ఒకప్పుడు మన చొక్కా వేసుకుని ఆడిన డారెన్ బెంట్ తలతో కొట్టి స్కోరు సమం చేశాడు, ఇంకాసేపటికి లియమ్ బాయిస్ కూడా తలతోనే కొట్టి గెలుపు గోల్ వేశాడు. అంతటితో దిగిపోవడం ఖాయమైంది. గోల్‌పోస్టుల ముందుకు గాల్లో వచ్చే బంతుల మీద అధికారం లేని జట్టు అది.

అందుకే జాక్ రాస్‌కు ఒక విషయంలో నేను రుణపడి ఉన్నాను. హార్ట్స్ నుంచి ఫ్రీ బదిలీ మీద జాన్ మెక్‌లాక్లిన్‌ను తీసుకురావడం ఆ నాలుగేళ్లలో జరిగిన మంచి కొనుగోళ్లలో ఒకటి. ఒక్క పౌండు కూడా బదిలీ రుసుము ఇవ్వకుండా, గీత మీద నమ్మదగిన మనిషి దొరికాడు.

డర్హం_డాక్టర్

గోల్‌కీపర్ల విషయంలో మీ విశ్లేషణ బాగుంది. నేను ఇంకో ఏడాది వెనక్కి వెళ్తాను. ఈ ప్రాంతపు ఆసుపత్రుల్లో మన తెలుగు వైద్యులు చాలామంది ఉన్నారు, మాలో ఫుట్‌బాల్ పట్టించుకునేవారు కలిసినప్పుడల్లా మాట చివరికి మోయెస్ దగ్గరే ఆగుతుంది. 2016లో శామ్ అలర్డైస్ ఇంగ్లండ్ జట్టుకు వెళ్లిపోవడంతో మోయెస్ వచ్చాడు. సీజన్‌లో రెండో మ్యాచ్ అవగానే, మనం దిగిపోకుండా ఉండటానికే పోరాడవలసి ఉంటుందని బహిరంగంగా చెప్పేశాడు. ఆగస్టులోనే చేతులెత్తేసిన మాట అది. ఆ మాట విన్న ఆటగాళ్లు మే వరకు ఎలా ఆడతారు?

అతని కొనుగోళ్లు మనకు చేసిన చేటు ఆ ఒక్క సీజన్‌తో పోలేదు. డిడియే ఎన్‌డాంగ్ కోసం క్లబ్ చరిత్రలోనే అత్యధిక రుసుము, 1.36 కోట్ల పౌండ్లు, చెల్లించారని అప్పట్లో రాశారు. జిలొబొజీకి చెల్సీకి 80 లక్షల పౌండ్లు ఇచ్చారన్నారు. మేం దిగిపోయాక వీరిద్దరూ లోన్ మీద ఇతర క్లబ్‌లకు వెళ్లారు, 2018 వేసవిలో తిరిగి రావలసిన సమయానికి రాకపోవడంతో క్లబ్ ఒప్పందాలు రద్దు చేసుకుంది. అంటే రెండు కోట్ల పౌండ్లకు పైగా పెట్టిన ఇద్దరు ఆటగాళ్ల అమ్మకం మీద పైసా రాలేదు. ఇక 2014లో గస్ పొయెట్ కాలంలో మాంచెస్టర్ సిటీ నుంచి కోటి పౌండ్లకు వచ్చిన జాక్ రాడ్‌వెల్ ఒప్పందంలో, జట్టు దిగిపోతే జీతం తగ్గించే షరతు లేదు. ఛాంపియన్‌షిప్‌లో ఉన్నప్పుడు కూడా వారానికి సుమారు 70 వేల పౌండ్లు తీసుకుంటూ, ఆ సీజన్‌లో దాదాపు ఆడకుండానే కూర్చున్నాడు. నేను రాడ్‌వెల్‌ను తిట్టను, ఎదుటివారు సంతకం చేసి ఇచ్చిన జీతాన్ని వద్దనడం ఏ ఉద్యోగి ధర్మమూ కాదు. ఆ కాగితం రాసినవారిని తిడతాను. గ్రేసన్ చేతిలో డబ్బు లేకపోవడానికి కారణాలు ఆ కాగితాల్లోనే ఉన్నాయి.

ఉత్తర_స్టాండ్

మీరందరూ ఎంత చెప్పినా గ్రిగ్ కొనుగోలును అంత తేలిగ్గా పక్కన పెట్టలేం. 2019 జనవరి 31న, గడువు ముగిసే రాత్రి, విగన్‌కు 30 లక్షల పౌండ్లు ఇచ్చి, అది 40 లక్షల దాకా పెరిగే ఒప్పందంతో తెచ్చుకున్నాం. అప్పటికి లీగ్ వన్ క్లబ్ ఏదీ అంత పెట్టలేదు. రెండేళ్లలో మన తరఫున అతను వేసిన గోల్స్ రెండంకెలకు కూడా చేరలేదు. 2021లో ఎమ్‌కె డాన్స్‌కు లోన్ మీద వెళ్లి స్విండన్ మీద ఒక్క మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ వేసినప్పుడు నాకు కలిగిన బాధ మాటల్లో చెప్పలేను. ఆ డబ్బుతో ఒక సెంటర్ డిఫెండర్‌ను, ఒక లెఫ్ట్ బ్యాక్‌ను కొని ఉండవచ్చు.

ఎర్రతెల్ల_చారలు

ఉత్తర_స్టాండ్ గారూ, మీ బాధను కాదనను. కానీ ఆ ధర జాక్ రాస్ నిర్ణయించినది కాదు. ఆ రాత్రి యజమాని స్టూవర్ట్ డొనాల్డ్ ఫోన్ పట్టుకుని మాటిమాటికీ మొత్తం పెంచుతూ పోవడం నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీలో ప్రపంచమంతా చూసింది. గడువు దగ్గరపడుతున్న కొద్దీ విగన్ ఒప్పుకోదు, ఇతను ఇంకొంచెం పెంచుతాడు, మళ్లీ ఒప్పుకోదు, మళ్లీ పెంచుతాడు. చేతిలో ఫార్వర్డ్ లేకుండా ఆఖరి రోజుకు చేరినవాడికి అమ్మేవాడు చెప్పినదే ధర.

అసలు ఫార్వర్డ్ ఎందుకు లేకుండా పోయాడన్నది అడగవలసిన ప్రశ్న. అప్పటికి లీగ్‌లో 15 గోల్స్ వేసిన జోష్ మాజా ఒప్పందం ఆ వేసవితో ముగియబోతోంది. అతని ప్రతిభ మనకు కొత్తగా తెలిసిందేమీ కాదు. 2016 డిసెంబరులో వాట్‌ఫర్డ్ మీద గెలిచాక సొంత మైదానంలో ఏడాది పాటు ఒక్క లీగ్ గెలుపు కూడా లేక అల్లాడుతున్నప్పుడు, 2017 డిసెంబరు 16న ఫుల్హమ్ మీద గెలుపు గోల్ వేసింది ఆ కుర్రవాడే. అంత జరిగాక కూడా 2018 వేసవిలో కొత్త ఒప్పందం మీద సంతకం చేయించుకోలేకపోయారు. జనవరిలో అతను బోర్డోకు వెళ్లిపోయాడు, మనకు వచ్చింది గ్రిగ్ కోసం పెట్టిన దానికన్నా తక్కువ. కొత్త యజమానులు మేలో పగ్గాలు తీసుకున్నారు కాబట్టి వ్యవధి చాలలేదని కొందరు వాదిస్తారు. మే నుంచి ఆగస్టు వరకు ఉన్న సమయంలో మరో పది మందితో సంతకాలు చేయించగలిగినవారికి, ఇంట్లో పెరిగిన ఫార్వర్డ్ విషయమే ఎందుకు వాయిదా పడిందో నాకు అర్థం కాదు.

గ్రిగ్ కూడా ఊరూపేరూ లేనివాడు కాదు. ఎమ్‌కె డాన్స్‌తో ఒకసారి, విగన్‌తో రెండుసార్లు ఈ లీగ్ నుంచే పైకి వెళ్లిన జట్లలో గోల్స్ వేసినవాడు. గోల్‌పోస్టుల దగ్గర చిన్న పాస్ అందుకుని కొట్టే ఆటగాడు. అతనికి రెండు పక్కల నుంచీ ఎత్తైన బంతులు వేసే జట్టులో పెట్టారు. ఇక్కడ మాత్రం జాక్ రాస్‌నూ, ఆ తరువాత పార్కిన్సన్‌నూ తప్పుపట్టాలి.

వేర్_వంతెన

జాక్ రాస్ తరఫున కొంత మాట్లాడవలసి ఉంది. సెయింట్ మిరెన్‌ను స్కాట్లండ్‌లో రెండో అంచె విజేతగా నిలిపి వచ్చిన మనిషి అతను. ఇక్కడికి వచ్చేసరికి జాన్ ఓషే వెళ్లిపోయాడు, ఖాజ్రీని అమ్మారు, మెక్‌నెయిర్‌ను అమ్మారు, అసోరోను అమ్మారు. దాదాపు కొత్త జట్టును కట్టుకోవలసి వచ్చింది. అలా కట్టిన జట్టులో మెక్‌లాక్లిన్, లూక్ ఓనీన్, మాక్స్ పవర్, క్రిస్ మగ్వైర్, చార్లీ వైక్ ఉన్నారు. వైకంబ్ నుంచి మిడ్‌ఫీల్డర్‌గా వచ్చిన ఓనీన్‌ను రైట్ బ్యాక్‌గా మార్చింది అతని హయాంలోనే. ఆ ఓనీన్ ఆ తరువాత వచ్చిన ప్రతి మేనేజర్ కిందా ఆడి, చివరికి ప్రీమియర్ లీగ్ దాకా జట్టుతోనే ఉన్నాడు. ఒక్క కొనుగోలుతో మేనేజర్‌ను తూచాలంటే గ్రిగ్ పేరు ఒక పక్కన, ఓనీన్ పేరు ఒక పక్కన పెట్టి తూచండి.

ఆ సీజన్ ఊరికి తిరిగి ప్రాణం పోసిందన్నది కూడా మరచిపోకూడదు. 1988లో ఆఖరి షిప్‌యార్డ్ మూతపడ్డ ఊరు ఇది, బొగ్గు గని మూసేసిన చోటే మన స్టేడియం కట్టారు. అలాంటి ఊళ్లో మూడో అంచె ఆటకు 2018 క్రిస్మస్ మరునాడు బ్రాడ్‌ఫర్డ్‌తో మ్యాచ్ చూడటానికి 46,039 మంది వచ్చారు. వెంబ్లీకి ఆ సీజన్‌లో రెండుసార్లు వెళ్లాం. పోర్ట్స్‌మత్‌తో ఈఎఫ్‌ఎల్ ట్రోఫీ (కింది అంచెల జట్ల కప్పు పోటీ) ఫైనల్ 2–2గా ముగిసి పెనాల్టీల్లో పోయింది, దానికి 85,021 మంది హాజరయ్యారు. ప్లేఆఫ్ ఫైనల్‌లో అయిదో నిమిషంలో చార్ల్‌టన్ డిఫెండర్ వెనక్కి ఇచ్చిన పాస్‌ను వాళ్ల గోల్‌కీపరే అందుకోలేక, బంతి అతని కాలి పక్క నుంచి నింపాదిగా దొర్లుకుంటూ గోల్‌లోకి వెళ్లింది. అంత అదృష్టం దొరికిన రోజు కూడా 94వ నిమిషంలో ఓడిపోయాం.

ఎర్రతెల్ల_చారలు

వేర్_వంతెన గారూ, మీరు చెప్పిన ఆ ఫైనల్‌నే నా వాదనకు సాక్ష్యంగా చూపిస్తాను. అయిదో నిమిషంలో ఎదుటివాడే గోల్ ఇచ్చాడు. మిగిలిన ఎనభై అయిదు నిమిషాల్లో ఆ ఆధిక్యాన్ని పెంచుకోవడానికి మనం ఏం చేశాం? పరింగ్టన్ సమం చేశాక కూడా అదనపు సమయం కోసం ఎదురుచూస్తున్నట్టే ఆడాం. ఆఖరి క్షణాల్లో పక్క నుంచి బంతి లోపలికి వచ్చింది, పాట్రిక్ బవర్ తలతో కొట్టినది మొదట ఆగింది, వెనక్కి వచ్చిన బంతిని అతనే మళ్లీ లోపలికి నెట్టాడు. మనవాళ్లు అప్పటికి ఆరుగురు గోల్ ముందే ఉన్నారు. ఎంతమంది వెనక్కి వచ్చారన్నది కాదు, ఎందుకు వెనక్కి వచ్చారన్నదే నా ప్రశ్న.

గోదావరి_గట్టు

నేను రాజమహేంద్రవరం నుంచి చదువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడినవాణ్ణి. నా మాట ఎక్కువమందికి నచ్చకపోవచ్చు, అయినా పార్కిన్సన్ గురించి చెప్పక తప్పదు. 2013లో నాలుగో అంచెలో ఉన్న బ్రాడ్‌ఫర్డ్‌ను లీగ్ కప్ ఫైనల్‌కు తీసుకెళ్లాడు. బోల్టన్‌ను 2017లో లీగ్ వన్ నుంచి పైకి తీసుకెళ్లాడు. మన దగ్గర నుంచి వెళ్లాక రెక్సమ్‌ను వరుసగా మూడు సీజన్లలో, 2023, 2024, 2025లో, మూడు అంచెలు పైకి ఎక్కించాడు. ఇంత చేసినవాడు మన దగ్గర మాత్రమే విఫలమయ్యాడంటే ఒక్క అతనిలోనే లోపం వెతకడం సబబు కాదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆట ఆగిపోయేటప్పటికి మనం ఏడో స్థానంలో ఉన్నాం. మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లన్న సగటు లెక్క కట్టేసరికి ఎనిమిదో స్థానానికి జారాం. ఆ వేసవిలో లీగ్ వన్ జట్లకు జీతాల మీద 25 లక్షల పౌండ్ల పరిమితి పెట్టారు, అది 2021 ఫిబ్రవరిలో గానీ తొలగలేదు. పైగా డొనాల్డ్ క్లబ్‌ను అమ్మకానికి పెట్టి ఉన్నాడు. ప్రేక్షకులు లేని స్టేడియం, కొనుగోలుదారు కోసం చూసే యజమాని, పరిమితిలో ఉన్న జీతాలు. ఇన్నింటి మధ్య ఎవరైనా ఏం చేయగలరు?

ఉత్తర_స్టాండ్

గోదావరి_గట్టు గారూ, రెక్సమ్‌లో అతను సాధించినదాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అక్కడ అతను కోరిన ఆటగాళ్లను కొనిచ్చే యజమానులు ఉన్నారు. మన దగ్గర మాత్రం చేతిలో ఉన్న మంచి ఆటగాణ్ణి అతనే దూరం పెట్టాడు. ఆ జట్టులో బంతితో ఏదైనా అనూహ్యంగా చేయగలిగినవాడు మెగీడీ ఒక్కడే. అతణ్ణి పక్కన కూర్చోబెట్టి, 2020 జనవరిలో చార్ల్‌టన్‌కు లోన్ మీద పంపేశాడు. 2019 క్రిస్మస్ మరునాడు పట్టికలో అట్టడుగున ఉన్న బోల్టన్‌ మీద కూడా ఒక్క గోల్ వేయలేక 0–0తో ముగించిన జట్టు అది. ఆట ఆగిపోయే ముందు ఆడిన చివరి నాలుగు మ్యాచ్‌లలోనూ గెలుపు లేదు. అందువల్ల ఎనిమిదో స్థానాన్ని, అంటే ఈ క్లబ్ చరిత్రలోనే అతి తక్కువ స్థానాన్ని, సగటు లెక్కల మీద నెట్టేయడం కుదరదు.

2020 డిసెంబరులో జాన్సన్ వచ్చీ రాగానే మెగీడీని తిరిగి జట్టులోకి తీసుకున్నాడు. అతని రెండో లీగ్ మ్యాచ్‌లో లింకన్ మైదానంలో 4–0తో గెలిచాం. ఫిబ్రవరిలో డాన్‌కాస్టర్‌తో ఆడినప్పుడు వైక్ నాలుగు గోల్స్ వేశాడు, ఆ నాలుగింటికీ బంతి అందించింది మెగీడీయే. పక్క గీత దగ్గర ఎదుటి డిఫెండర్‌ను నిలబెట్టి, కుడికాలికి వెళ్తున్నట్టు భుజం వంచి, ఎడమకాలితో లోపలికి వేసేవాడు. వైక్ అప్పటికే ఎక్కడ దూకాలో తెలిసి బయలుదేరి ఉండేవాడు. ఆ సీజన్‌లో వైక్ అన్ని పోటీల్లో కలిపి 31 గోల్స్ వేశాడు. పార్కిన్సన్ చేతిలో ఉన్నదీ ఈ వైకే, ఈ మెగీడీయే.

సీహామ్_సాయంత్రం

జాన్సన్ మేలు చేసిన మాట వాస్తవం. 2021 మార్చిలో ట్రాన్‌మియర్ మీద గూచ్ గోల్‌తో ట్రోఫీ గెలిచాం, వెంబ్లీలో మనకు అంతకాలానికి దక్కిన గెలుపును ఖాళీ స్టేడియంలో చూడవలసి రావడం ఒక్కటే లోటు. కానీ అతని జట్టుకు ఒక రోగం ఉండేది. ఓడితే చిత్తుగా ఓడేది. 2021 అక్టోబరులో పోర్ట్స్‌మత్ చేతిలో 4–0, అదే నెల చివర్లో రోథరమ్ చేతిలో 5–1, 2022 జనవరి 29న బోల్టన్ చేతిలో 6–0. మూడింటిలోనూ మధ్యలో బంతి పోయిన మరుక్షణం వెనక ఇద్దరు డిఫెండర్లు తప్ప ఎవరూ ఉండేవారు కారు, ఫుల్ బ్యాక్‌లు ఇద్దరూ ముందుకు వెళ్లిపోయి ఉండేవారు. ఒకసారి జరిగితే ప్రమాదమనుకోవచ్చు, నాలుగు నెలల్లో మూడుసార్లు జరిగితే అది మేనేజర్ చూసి సరిచేయని లోపం.

అంతకు ముందు వసంతంలో లింకన్‌తో ప్లేఆఫ్ సెమీఫైనల్‌లోనూ ఇదే. మొదటి మ్యాచ్‌లో 2–0తో ఓడి వచ్చి, రెండో మ్యాచ్ సగానికే 2–0తో లెక్క సరిచేశాం. అప్పుడు కాస్త నెమ్మదించి, అలుపు తీర్చుకుని, ఆటను చేతిలో ఉంచుకోవలసింది. విరామం తరువాత లింకన్ గోల్ వేసింది, మనం ఇంటికి వెళ్లాం. జాక్ రాస్ ఆధిక్యం రాగానే వెనక్కి జరిగేవాడు, జాన్సన్‌కు ఎప్పుడు వెనక్కి జరగాలో తెలిసేది కాదు. నాకు ఇద్దరి మీదా సమానమైన కోపమే ఉంది.

రోకర్_తీరం

జాన్సన్‌ను తీసేయడం సరైన నిర్ణయమే కావచ్చు, తీసేసిన తీరు మాత్రం సరికాదు. జట్టు మూడో స్థానంలో ఉంది, బదిలీల గడువుకు ఒక్క రోజు ముందు పంపేశారు, తరువాతి మనిషి సిద్ధంగా లేడు. రాయ్ కీన్ తిరిగి వస్తాడని పత్రికలు రోజుకో వార్త రాశాయి. 2007లో మనల్ని ఛాంపియన్‌షిప్ విజేతగా నిలిపినవాడు కాబట్టి ఊరంతా ఆశపడింది. ఆ మధ్యలో సొంత మైదానంలో, పట్టికలో అడుగున ఉన్న డాన్‌కాస్టర్ చేతిలో 2–1తో ఓడాం, చెల్టెన్‌హమ్ చేతిలోనూ ఓడాం. కొత్త మేనేజర్‌గా అలెక్స్ నీల్ వచ్చింది ఫిబ్రవరి 11న.

ఆ గడువు రోజునే మన పాత ఫార్వర్డ్ జెర్మైన్ డిఫోను తిరిగి తీసుకొచ్చారు. అతని మీద నాకున్న గౌరవం ఎప్పటికీ తగ్గదు, క్యాన్సర్‌తో పోయిన మన చిన్నారి అభిమాని బ్రాడ్లీ లోరీతో అతని స్నేహాన్ని ఈ ఊరు మరచిపోదు. అయినా చెప్పవలసింది చెప్పాలి. అప్పటికి అతని వయసు 39. ఒక్క గోల్ కూడా వేయకుండా మార్చిలో ఆటకు స్వస్తి చెప్పాడు. అభిమానుల ప్రేమను చూసి చేసిన కొనుగోలు అది, జట్టు అవసరాన్ని చూసి చేసింది కాదు.

డర్హం_డాక్టర్

అదే జనవరిలో జరిగిన మిగతా కొనుగోళ్లను కూడా చూడాలి కదా. టోటెన్‌హమ్ నుంచి జాక్ క్లార్క్, మాంచెస్టర్ సిటీ నుంచి పాట్రిక్ రాబర్ట్స్, లిన్‌ఫీల్డ్ నుంచి ట్రై హ్యూమ్, స్టోక్ నుంచి డానీ బాత్ వచ్చారు. 2022లో షెఫీల్డ్ వెన్స్‌డేతో ప్లేఆఫ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో క్లార్క్ ఎడమ పక్క నుంచి లోపలికి వేసిన బంతిని రాబర్ట్స్ గోల్‌గా మార్చినందువల్లే ఫైనల్‌కు వెళ్లాం. హ్యూమ్ ప్రీమియర్ లీగ్ దాకా వచ్చాడు. వీరి ఎంపిక ఏ ఒక్క మేనేజర్ చేతిలోనూ లేదు. కిరిల్ లూయీ-డ్రేఫస్ 2021 ఫిబ్రవరిలో యజమానిగా వచ్చాక, స్పోర్టింగ్ డైరెక్టర్ క్రిస్టియాన్ స్పీక్‌మన్ ఆధ్వర్యంలో, మేనేజర్ మారినా మారని ఒక పద్ధతి ఏర్పడింది. తక్కువ వయసు, పెరిగే అవకాశం, వెళ్లేటప్పుడు తిరిగి డబ్బు వచ్చేలా ఒప్పందం.

రాస్ స్టూవర్ట్‌ను చూడండి. 2021 జనవరిలో స్కాట్లండ్‌లోని రాస్ కౌంటీ నుంచి సుమారు 3 లక్షల పౌండ్లకు వచ్చాడని చెప్పారు. గ్రిగ్ ధరలో పదో వంతు. 2021–22లో 26 గోల్స్ వేశాడు, వైకంబ్ మీద గెలిచి పైకి వెళ్లిన ఫైనల్‌లో రెండో గోల్ అతనిదే. ఒక్క క్లబ్, ఒక్కటే లీగ్, రెండేళ్ల తేడా. మారింది ఎంచుకునే పద్ధతి. అందుకే ఎర్రతెల్ల_చారలు గారు మొదట అన్న మాటను నేను సగమే ఒప్పుకుంటాను. జట్టును ఆడించిన తీరుకు మేనేజర్లను అడుగుదాం, జట్టును కూర్చిన తీరుకు యజమానులనే అడగాలి.

విశాఖ_గోల్‌కీపర్

ఆ ఫైనల్‌లో గోల్‌కీపర్ ఎవరన్నది కూడా రాయండి. ఆంథొనీ ప్యాటర్సన్, మన అకాడమీలోనే పెరిగిన కుర్రవాడు. ఆ సీజన్ మొదటి సగం నాట్స్ కౌంటీకి లోన్ మీద పంపి, బయర్న్ నుంచి హాఫ్‌మన్‌ను తెచ్చుకున్నాం. జనవరిలో వెనక్కి పిలిపించారు. అలెక్స్ నీల్ వచ్చాక అతణ్ణే నమ్మి చివరిదాకా ఆడించాడు. ఎమ్‌కె డాన్స్ చేతిలో ఒక్క మ్యాచ్ ఓడడం తప్ప, మే దాకా నీల్ జట్టు ఓటమి ఎరగదు. ఆగస్టులో అతను స్టోక్‌కు వెళ్లిపోయినందుకు చాలామంది ఇంకా తిడుతున్నారు, నాకు మాత్రం అతని మీద ఏ ఫిర్యాదూ లేదు.

గోదావరి_గట్టు

ఒప్పందాల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 31 గోల్స్ వేసిన వైక్‌ను, మాక్స్ పవర్‌ను 2021లో ఒక్క పౌండు రాకుండా విగన్‌కు ఎలా పోనిచ్చారు? మరుసటి సీజన్‌లో ఆ విగనే 92 పాయింట్లతో లీగ్ వన్ విజేతగా నిలిచింది. మనం 84 పాయింట్లతో అయిదో స్థానంలో ఉన్నాం.

ఎర్రతెల్ల_చారలు

సరైన ప్రశ్న అడిగారు. మాజా ఒప్పందం 2019లో, మెక్‌లాక్లిన్‌ది 2020లో, వైక్, పవర్‌లవి 2021లో ముగింపుకు వచ్చాయి. ఒక్కో దానికీ వేరే మేనేజర్, వేరే సంజాయిషీ. మెక్‌లాక్లిన్ రేంజర్స్‌కు వెళ్లినప్పుడు జీతాల పరిమితి అన్నారు. వైక్ వెళ్లినప్పుడు వయసు పైబడుతోందన్నారు. 28 ఏళ్లకే ఫార్వర్డ్‌కు వయసు పైబడిందనుకుంటే, మరో ఏడాదికి ఒప్పందం పొడిగించి అమ్ముకుని ఉండవలసింది. అలా చేయాలంటే అతను వరుసగా గోల్స్ వేస్తున్న ఆ జనవరిలోనే మాట్లాడి ఉండాలి. యాజమాన్యం చేతులు మారుతున్న రోజులవి కాబట్టి అప్పుడు ఎవరూ మాట్లాడలేదు. పార్కిన్సన్ అప్పటికే వెళ్లిపోయాడు, జాన్సన్ వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. వైక్ విషయంలో నేను వీరిద్దరిలో ఎవరినీ తప్పుపట్టను, డొనాల్డ్‌నే తప్పుపడతాను.